పదో టిక్కు

జూన్ 3, సోమవారం

వచ్చింది. రెండేళ్లు అడిగితే వచ్చింది.

ఇకమీదట రెండు గంటలకోసారి అయిదు ఫ్రిజ్‌ల తలుపులు తీసి, లోపలి గాజు థర్మామీటర్ వైపు మెడ వంచి చూసి, రిజిస్టర్‌లో అంకె రాసే చాకిరీ ఉండదు. ఒక్కో ఫ్రిజ్‌లో అగ్గిపెట్టెంత పరికరం, గోడకి తెల్లటి పెట్టె. పరికరం పెట్టెకి చెబుతుంది, పెట్టె ఇంటర్నెట్‌కి చెబుతుంది, ఇంటర్నెట్ నా ఫోన్‌కి చెబుతుంది. రక్తం రెండు నుంచి ఆరు డిగ్రీల మధ్య ఉండాలి. గీత దాటితే ఫోన్ అరుస్తుంది. నేను బ్లడ్ బ్యాంక్‌లో ఉన్నా, ఇంట్లో ఉన్నా, బస్సులో ఉన్నా.

అక్క మొహం మాడ్చుకుంది. స్టోర్ బాధ్యత నాదైనా, పనిలో నాకంటే ఆరేళ్లు సీనియర్ టెక్నీషియన్, ఆ సంగతి వారానికోసారి గుర్తు చేయకపోతే తోచదు. "చేత్తో ముట్టుకోకుండా చలి తెలుస్తుందటే?" అంది. ఫ్రిజ్‌ల మెకానిక్ ఐసు బాబాయ్ మాత్రం పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, "ఇదొచ్చింది, ఇంక నన్ను ఎవరు పిలుస్తారమ్మా" అని నవ్వాడు. అరవై దాటాయి. గేటు దగ్గర పుస్తకంలో కూడా ఐసు అనే సంతకం పెడతాడు.

బిగించిన కంపెనీ మనిషి వెళ్తూ వెళ్తూ చెప్పాడు. "పాస్‌వర్డ్ పెట్టె కింద స్టిక్కర్ మీదుంది మేడమ్. మా పెట్టెలన్నిటికీ అదే. మీది మీరు మార్చేసుకోండి."

రేపు మార్చాలి.

జూన్ 4, మంగళవారం

పదకొండు మంది ఫోన్లలో యాప్ వేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒకరికి ఫోన్‌లో చోటు లేదు, ఇంకొకరికి అంకెలు కనిపించవు, మా బ్లడ్ బ్యాంక్ పెద్ద డాక్టరుగారికి తన ఫోన్ ఎక్కడుందో తెలియదు. ఇప్పుడు పాస్‌వర్డ్ మారిస్తే పదకొండు ఫోన్లలోనూ మళ్లీ మొదటి నుంచి చేయాలి. అందరికీ కాస్త అలవాటు కానీ. వచ్చేవారం మారుస్తాను.

జూన్ 9, ఆదివారం

ఈ రోజు రాయకపోతే ఇంకెప్పుడూ రాయక్కర్లేదు.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. ఫోన్ అరిచింది. అత్తయ్యకి చెవులు సరిగా వినిపించవు గానీ ఆ అరుపు వినిపించింది. "మీ ఫ్రిజ్ ఫోన్ చేస్తోందే" అంది. రెండో ఫ్రిజ్, 6.8. చూస్తుండగానే 6.9. ఎంగిలి చేత్తోనే బాబాయ్‌కి ఫోన్ చేసి, ఆటో ఎక్కాను. నేను వెళ్లేసరికి అక్క సగం సంచులు పక్క ఫ్రిజ్‌లోకి మార్చేసింది. బాబాయ్ వెనక పలక విప్పి ఫ్యాన్ మోటారు చేతిలో పట్టుకుని ఉన్నాడు. "తిరిగి తిరిగి అలిసిపోయిందమ్మా, నాలాగే" అన్నాడు. కొత్తది వేశాడు.

నూట నలభై సంచులు. ఒక్కటి కూడా పోలేదు. ఆదివారాలు రెండు గంటల లెక్క పేరుకే, ఫ్రిజ్ బజర్ మోగినా వినేవాళ్లుండరు, మామూలుగా అయితే సాయంత్రం దాకా ఎవరూ చూసేవాళ్లు కాదు.

అక్క కూడా ఏమీ అనలేదు. అదే పెద్ద మెచ్చుకోలు.

జూన్ 10, సోమవారం

డాక్టరుగారు అందరి ముందూ పొగిడారు. "రెండేళ్లుగా ఈవిడ నా చెవిలో జోరీగలా గోల చేస్తే విన్నాను. వినడం మంచిదయింది" అన్నారు. ఆ ఊపులోనే భద్రతా ఫారం చేతిలో పెట్టారు. పైఆఫీసుకి ఈ రోజే వెళ్లాలట. పది ప్రశ్నలు, పక్కన గడులు. తీగలు సరిగా ఉన్నాయా, పెట్టె అందరికీ అందనంత ఎత్తులో ఉందా, ఇలాంటివి. పదింటికీ టిక్కులు పెట్టి సంతకం చేసి ఇచ్చేశాను.

తొమ్మిది నిజమే. పదోది, పాస్‌వర్డ్ మార్చారా అన్నది, సాయంత్రం చేసేస్తే అదీ నిజమవుతుంది.

సాయంత్రం రక్తదాన శిబిరం నుంచి ఎనభై సంచులు వచ్చి పడ్డాయి.

జూన్ 12, బుధవారం

చేత్తో చూసి రాయడం ఇక రోజుకి ఒక్కసారే, సాయంత్రం. నేనే ప్రతిపాదించాను, డాక్టరుగారు ఒప్పుకున్నారు. ఫ్రిజ్‌ల పాత బజర్లు కూడా ఆపించాను. తలుపు కాస్త ఎక్కువసేపు తీస్తే చాలు గయ్యిమంటాయి, రక్తం ఇవ్వడానికి వచ్చి పడుకున్నవాళ్లు ఉలిక్కిపడుతున్నారు. ఫోన్ ఉండగా రెండు అరుపులెందుకు?

"నన్ను అడక్కుండా నా పని తగ్గించావు" అంది అక్క. తగ్గించినందుకు కూడా కోపమా! ఈవిడకి ఏం చేస్తే నచ్చుతుందో ఆ దేవుడికే తెలియాలి.

జూన్ 19, బుధవారం

మమ్మల్ని చూసి ఆసుపత్రిలో అందరికీ సరదా పుట్టింది. వెయిటింగ్ హాల్లో టీవీ, పై అంతస్తు తలుపు తాళం, ఆఖరికి కాఫీ మిషన్ కూడా ఇంటర్నెట్‌కి తగిలించారు. కాఫీ అయిపోతే అదే కబురు పెడుతుందట. అంతా మా పెట్టె ఉన్న లైను మీదే. యాప్ తెరుచుకోవడానికి ఈ మధ్య చాలాసేపు పడుతోంది. కంపెనీకి మూడుసార్లు ఫోన్ చేశాను. "మీ నెట్ స్లో మేడమ్" అంటారు. నెట్ వాళ్లని అడిగితే పెట్టెదే లోపం అంటారు. బంతి ఆడుకుంటున్నారు నాతో.

జూన్ 26, బుధవారం

బాబాయ్ వచ్చి ఫ్రిజ్‌ల వెనక దుమ్ము దులిపి వెళ్లాడు. కొత్త ఫ్యాన్ బాగా తిరుగుతోందట. పాస్‌వర్డ్ సంగతి ఎల్లుండి చూడాలి, శుక్రవారం రద్దీ తక్కువ.

జూన్ 27, గురువారం

వరసగా రాస్తాను.

ఉదయం నుంచి ఫోన్‌లో రెండో ఫ్రిజ్ 4.1. పది గంటలకి 4.1. పదకొండుకి పైఆఫీసు నుంచి ఇద్దరు వస్తే వాళ్లకీ చూపించాను. "చూడండి, గీత గీసినట్టు ఎలా ఉందో" అన్నాను. ఆ మాట అన్నాను.

పన్నెండూ నలభైకి కాన్పుల వార్డు నుంచి పరుగెత్తుకొచ్చారు. తొలిచూలు, రక్తం ఆగడం లేదు, ఓ నెగటివ్. మా దగ్గర మూడే సంచులున్నాయి, రెండో ఫ్రిజ్‌లో. అక్క వెళ్లింది. మూడూ చేతుల్లో పట్టుకుని వచ్చి నా బల్ల ముందు నిలబడింది. ఒక సంచి తీసి నా అరచేతిలో పెట్టింది.

చల్లగా లేదు.

లోపలి గాజు థర్మామీటర్‌లో పద్నాలుగు. నా ఫోన్‌లో 4.1.

పక్క ఊరి బ్లడ్ బ్యాంక్ నుంచి సంచులు తెప్పించాం. వచ్చేసరికి యాభై నిమిషాలు పట్టింది. ఆ యాభై నిమిషాలూ ఆ అమ్మాయి భర్త మా కౌంటర్ దగ్గర నిలబడి, "ఇక్కడే ఉంది కదండీ, ఆ ఫ్రిజ్ నిండా ఉంది కదండీ" అంటూనే ఉన్నాడు. పాపం, ఉంది. అరవై మూడు సంచులున్నాయి. అన్నీ పారేశాం.

ఆ అమ్మాయి బతికింది. బిడ్డా బాగానే ఉంది. గర్భసంచి మాత్రం తీసేశారు.

జూన్ 28, శుక్రవారం

ఆలస్యం వల్లేనా అని సర్జన్‌ని అడిగాను. "అలా చెప్పలేం" అన్నారు. కాదని మాత్రం అనలేదు.

జూన్ 29, శనివారం

విచారణ. డాక్టరుగారి గదిలో నేను, అక్క, బాబాయ్. ఫ్రిజ్ ఆగిందెందుకు? కంప్రెసర్‌కి కరెంటు అందించే రిలే కాలింది. పెట్టె ఆ సంగతి చెప్పలేదెందుకు? ఎవరికీ తెలియదు.

"రిపేరు చేసి మూడు వారాలు కాలేదు. ముందురోజు వచ్చి ఆ పెట్టె పక్కనే పని చేశావు. వైరు కదిపావా?" డాక్టరుగారు బాబాయ్‌ని అడిగారు.

"నేను వేసింది ఫ్యానండి. కాలింది రిలే. దానికీ దీనికీ సంబంధం లేదు."

"వైరు సంగతి అడుగుతున్నాను."

"కదపలేదండి." తన చేతుల వైపు చూసుకున్నాడు. "కదిపినట్టు గుర్తులేదండి."

రెండో మాట అనకుండా ఉండాల్సింది. డాక్టరుగారు దాన్నే పట్టుకున్నారు. విచారణ అయ్యేదాకా లోపలికి రావద్దన్నారు.

బజర్లు ఎవరు ఆపించారన్న ప్రశ్న వచ్చినప్పుడు డాక్టరుగారే "అది అందరం కలిసి తీసుకున్న నిర్ణయం" అన్నారు. పెద్దమనిషి.

వైరు కదిలి ఉండొచ్చు. వెనక చాలా ఇరుకు. పెద్దాయన, చూపు కూడా ఆనదు. ఉండొచ్చు.

జూలై 2, మంగళవారం

కంప్యూటర్ల తనిఖీకి ఒకాయన వచ్చాడు. ముక్కు మీద నిలవని కళ్లజోడు, మాటకోసారి పైకి తోసుకుంటాడు. పెట్టెని తన ల్యాప్‌టాప్‌కి తగిలించి గంటన్నర చూశాడు.

"వైరు కాదు మేడమ్. ఇంటర్నెట్‌లోంచి దీంట్లో ఎవరో దూరారు. దాదాపు రెండు వారాలుగా దీంతో వాళ్ల పని చేయించుకుంటున్నారు. ఇంకెవరి కంప్యూటర్ల మీదో చెత్త కుమ్మరించడానికి. మొన్న గురువారం పొద్దున ఆ బరువు మోయలేక దీనికి ఊపిరాడలేదు. చివరిసారి చూసిన అంకె దగ్గరే నిలిచిపోయింది."

"మా మీద ఎవరికండీ అంత కక్ష?" అన్నారు డాక్టరుగారు.

"కక్ష కాదు సార్. ఇక్కడ రక్తం ఉందనే వాళ్లకి తెలియదు. వీధి వెంట పోతూ కనిపించిన ప్రతి తలుపూ నెట్టి చూస్తారు. ఏది తెరుచుకుంటే దాంట్లో దూరతారు." కళ్లజోడు తోసుకుని నా వైపు తిరిగాడు. "ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చారు కదా?"

"మార్చాను" అన్నాను.

ఫారం తీసి చూశాడు. పదో గడిలో టిక్కు, కింద నా సంతకం. "సరే. పెట్టెలో పాత రికార్డులన్నీ వాళ్లు తుడిచేశారు. అయితే ఇది కంపెనీ వాళ్ల సాఫ్ట్‌వేర్ లోపం అయ్యుండాలి" అని రాసుకున్నాడు. వెళ్లే ముందు పెట్టెలో ఉన్నదంతా తుడిచేసి, కొత్త పాస్‌వర్డ్ పెట్టి వెళ్లాడు. పదకొండు ఫోన్లలో మళ్లీ యాప్ వేయడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతే. నలభై నిమిషాలు.

జూలై 3, బుధవారం

మార్చాను.

జూలై 4, గురువారం

పదో తారీఖు సాయంత్రమే మార్చి ఉంటాను. శిబిరం సంచులు సర్దాక. మార్చాలని అనుకున్నది మాత్రం ఖాయంగా గుర్తుంది. అనుకున్న పని చేయకుండా ఇంటికొచ్చే మనిషిని కాదు నేను.

ఈ పుస్తకంలో వెనక్కి తిప్పి చూడొచ్చు. చూడలేదు.

జూలై 6, శనివారం

ఇంట్లో అందరి మీదా విసుక్కుంటున్నానని మా ఆయన అన్నారు. "నేను మార్చానో లేదో నీకెందుకు?" అని అరిచాను. ఆయన అయోమయంగా చూసి, "భోంచేశావా అని కదా నేనడిగింది" అన్నారు.

మధ్యాహ్నం కాన్పుల వార్డు వైపు వెళ్లాను. పని ఉండి కాదు. ఆ అమ్మాయి తలుపు దగ్గరి మంచం మీద కూర్చుని బిడ్డకి పాలిస్తోంది. ఇరవై మూడు, ఇరవై నాలుగు ఉంటాయేమో. పక్కన వాళ్లమ్మ కాబోలు, "ఒక్కటి చాల్లేవే, బంగారంలాంటిది" అంటోంది. ఆ అమ్మాయి తల ఎత్తలేదు.

నన్ను చూసి నర్సు అనుకుంది. మంచినీళ్లు అడిగింది. తెచ్చిచ్చాను.

జూలై 9, మంగళవారం

రిపోర్టు పైకి వెళ్లింది. అక్క చదివి చెప్పింది. పెట్టె కంపెనీది సాఫ్ట్‌వేర్ లోపం. ఫ్రిజ్ ఆగడానికి కారణం మెకానిక్ నిర్లక్ష్యం, అతన్ని మార్చాలని సిఫారసు. నా పేరు ఒక్కచోటే ఉందట, ‘అప్రమత్తంగా స్పందించిన స్టోర్ ఇన్‌చార్జి’ అని.

నాలుగింటికి బాబాయ్ వచ్చాడు, పనిముట్ల సంచి తీసుకెళ్లడానికి. లోపలికి రానివ్వరు కాబట్టి గేటు దగ్గరికి నేనే తీసుకెళ్లి ఇచ్చాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అమ్మా, ఒక్కటి అడుగుతాను. ఆ రోజు నేను దుమ్ము దులుపుతుంటే నువ్వక్కడే ఉన్నావు కదా. రిలే పక్కన స్క్రూ ఒకటుంటుంది. దాన్ని వదులుగా ఏమైనా వదిలేశానా? ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు. రోజూ ఇంట్లో కూర్చుని చేతులతో ఆ పని మొత్తం మళ్లీ చేసి చూసుకుంటున్నాను. ఒక్కోసారి బిగించినట్టే ఉంటుంది. ఒక్కోసారి మరిచిపోయినట్టుంటుంది."

"నువ్వేం చేయలేదు బాబాయ్."

"నీ మనసు మంచిదమ్మా, అలాగే అంటావు. వయసైపోయింది. చేసే ఉంటాను. లేకపోతే పెద్దవాళ్లు అంత కాగితం ఎందుకు రాస్తారు?"

సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. మూడో తారీఖు, ‘రేపు మార్చాలి’. నాలుగో తారీఖు, ‘వచ్చేవారం మారుస్తాను’. ఇరవై ఆరు, ‘ఎల్లుండి చూడాలి’. అన్నీ నా చేతిరాతే. ఆ మనిషేమో చేసిన పనిని చేయలేదేమో అని కుమిలిపోతున్నాడు. నేను చేయని పనిని చేశానని రాసుకుంటున్నాను.

మార్చలేదు.

జూలై 10, బుధవారం

ఉదయమే డాక్టరుగారి గదికి వెళ్లి చెప్పాను. నీళ్లు నమలకుండా ఒక్క ఊపిరిలో చెప్పాను. పాస్‌వర్డ్ మార్చలేదు, టిక్కు అబద్ధం, తనిఖీ ఆయనతో అబద్ధమాడాను, బజర్లు ఆపించింది నేనొక్కదాన్నే.

ఆయన లేచి తలుపు మూసి వచ్చారు.

"ఇప్పుడెందుకు చెబుతున్నారు?"

"నిజం కాబట్టి."

"పదకొండు రోజుల క్రితం విచారణలో కూడా అదే నిజం కదా. రిపోర్టు వెళ్లిపోయింది. మిమ్మల్ని పొగిడింది నేను, ఫారం మీద మీ కింద సంతకం నాది. కంపెనీ వాళ్లు ఎలాగూ కొత్త పెట్టె ఇస్తామంటున్నారు. ఎవరికి లాభం దీనివల్ల?"

"బాబాయ్‌కి."

"అతనికి ఇంకో చోట పని చూస్తాను. మీరు వెళ్లి పని చూసుకోండి. ఈ మాట నేను వినలేదు."

అరికాలి మంట నెత్తికెక్కింది. పదకొండు రోజులు గొంతులో అడ్డం పడ్డ మాట తీసుకెళ్లి బల్ల మీద పెడితే, వినలేదట! చెప్పేసి తేలికపడదామని వెళ్లాను కాబోలు, అదీ కుదరలేదు. ఇంతకీ ఆయన మీదేనా నా కోపం? ఆయన చేసిందేముంది, నేను చేసిందే ఇంకా మర్యాదగా చేశారు.

అక్కకి చెప్పాను. రక్తం సంచుల మీద గ్రూపు చీటీలు అంటిస్తోంది. ఆపలేదు. "నాకు తెలుసు" అంది.

"ఎలా?"

"స్టిక్కర్ మీదున్న పాస్‌వర్డే కదే నా ఫోన్‌లో ఉంది నిన్నమొన్నటిదాకా. నువ్వు మార్చి ఉంటే నా యాప్ ఎప్పుడో ఆగిపోయేది."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెబుతావని చూశాను." ఇంకో చీటీ అంటించింది. "ఇవ్వాళ కూడా చెప్పకపోతే రేపు నేను చెప్పేదాన్ని. నోటిమాటకి విలువ ఉండదిక్కడ. కాగితం మీద రాయి."

మూడు పేజీలు రాశాను. ఒక కాపీ డాక్టరుగారికి, ఒకటి తిన్నగా పైఆఫీసుకి.

జూలై 12, శుక్రవారం

స్టోర్ తాళాలు అక్కకి ఇవ్వమన్నారు. కమిటీ తేల్చేదాకా నేను రిసెప్షన్‌లో కూర్చుని వచ్చినవాళ్ల పేర్లు రాయాలి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. నా ఉత్తరం ఆ అమ్మాయి కుటుంబానికి కూడా చూపిస్తారట. చూపించనీ.

పెట్టె తీసేస్తారనుకున్నాను. అక్క తీయనివ్వలేదట. "ఆ ఆదివారం నూట నలభై సంచులు కాపాడింది అదే. దాన్నెందుకు తిట్టడం?" అందట. దానికి వేరే లైను వేయించింది, కాఫీ మిషన్‌తో పొత్తు లేకుండా. బజర్లు మళ్లీ గయ్యిమంటున్నాయి, రిసెప్షన్ దాకా వినిపిస్తున్నాయి. చేత్తో చూడటం మళ్లీ రెండు గంటలకోసారి.

ఇవన్నీ మొదటి రోజే చేయొచ్చు. ఇందులో ఒక్కటి కూడా కష్టమైన పని కాదు. అదే మింగుడుపడటం లేదు.

డాక్టరుగారు ఎదురుపడినా పలకరించలేదు.

జూలై 14, ఆదివారం

బాబాయ్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. రెండు గదులు, ముందు చిన్న వసారా. ఎవరిదో పాత ఫ్రిజ్ బోర్లా పడుకోబెట్టి ఉంది, దాని పక్కన స్క్రూలన్నీ గుడ్డ మీద వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ వేలితో తాకుతూ లెక్క చూసుకుంటున్నాడు. చివరిదాకా వచ్చి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఇలా రెండుసార్లు లెక్కపెట్టే మనిషి కాదు ఇంతకుముందు.

"బాబాయ్, స్క్రూ నువ్వు బిగించావు" అన్నాను.

"నువ్వు చూశావా?"

"చూడలేదు. కాలింది రిలే. అది ఎవరి వల్లా కాదు, పాతబడి కాలింది. కొత్తగా వచ్చిన మెకానిక్ కూడా అదే రాసిచ్చాడు. కాలిన సంగతి మనకి తెలియకపోవడం నా వల్ల. పెట్టె పాస్‌వర్డ్ నేను మార్చలేదు. మార్చానని అబద్ధం చెప్పాను. నిన్ను బయటికి పంపుతుంటే చూస్తూ నోరు మూసుకుని కూర్చున్నాను."

ఆయనకి పాస్‌వర్డ్ అంటే ఏమిటో పూర్తిగా అర్థం కాలేదు. తాళం అని చెప్పాను. తాళం వేయలేదన్నమాట, అన్నాడు. అవునన్నాను.

స్క్రూల మీంచి వేలు తీసేశాడు. తర్వాత, చాలా నెమ్మదిగా, "పదిహేను రోజులమ్మా" అన్నాడు. "పదిహేను రోజుల నుంచి నా చేతుల్ని నేను నమ్మట్లేదు. మొన్న మా ఆవిడ గ్యాస్ కట్టేయమంటే, కట్టేసి, నాలుగుసార్లు వెళ్లి చూసొచ్చాను."

క్షమించమన్నాను. సరేననలేదు, పొమ్మనలేదు. లేచి లోపలికి తిరిగి పిలిచాడు.

"ఒసేవ్, ఇలా రా."

ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. నన్ను గుర్తుపట్టింది, నవ్వలేదు.

"ఇప్పుడు చెప్పమ్మా" అన్నాడు బాబాయ్. "నాకు చెప్పినట్టే. మొదటి నుంచి."

మొదటి నుంచి చెప్పాను.